ధర చెప్పేది ఒకరు, కోరుకునేది ఒకరు

వ్యాపారాలకు విలువ కట్టడం నా వృత్తి అని చెబితే సూర్యాపేటలో చాలామందికి అర్థమయ్యేది కాదు. ఇల్లు, పొలం, బంగారం, వీటికి విలువ కడతారని అందరికీ తెలుసు. నడుస్తున్న హోటలుకూ, మిల్లుకూ, లారీ ఆఫీసుకూ విలువ కట్టేవాడొకడుంటాడని, వాడికి ఫీజు కూడా ఇవ్వాలని చెబితే మా మేనమామే నవ్వాడు. "నడుపుకునేటోనికి తెల్వదా, నువ్వు పొయ్యి చెప్పాల్నా?" అన్నాడు. నడుపుకునేవాడికే చాలాసార్లు తెలియదని ఆయనకు జవాబు చెప్పేంత అనుభవం అప్పుడు నాకు లేదు. అనుభవం వచ్చేసరికి ఆయన లేడు. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెబుతున్నాను, మీరైనా వినండి.

మీ దగ్గర కంప్యూటర్లున్నాయి. లెక్క ఎలా వేయాలో అవి చెబుతాయి. ఎవరి ముందు కూర్చుని ఆ లెక్క వేస్తున్నారో అవి చెప్పవు. నేను రాసేది ఆ రెండో సంగతి గురించి.

మమ్మల్ని ఎప్పుడు పిలిచేవారు

సంతోషంగా ఉన్నవాళ్లెవరూ మమ్మల్ని పిలవలేదు. భాగస్తులకు చెడినప్పుడు, వారిలో ఒకరు పోయినప్పుడు, అన్నదమ్ములు వేరుపడుతున్నప్పుడు, అప్పు ఇవ్వడానికి బ్యాంకు వెనకాడుతున్నప్పుడు పిలిచేవారు. అందుకని మా స్కూటరు ఏ దుకాణం ముందు ఆగినా పక్క దుకాణాలవాళ్లు చెవులు రిక్కించేవారు. మిర్యాలగూడలో ఒక నూనె వ్యాపారి, మంచి మనిషే, మమ్మల్ని వెనక సందులోంచి రమ్మని కబురు చేశాడు. ముందువైపు నుంచి వస్తే సాయంత్రానికల్లా అప్పులవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుంటారని ఆయన భయం. ఆ సందు నిండా నూనె పీపాలు, జిడ్డు, అడ్డంగా కట్టేసిన ఒక గేదె. కొత్త ప్యాంటు వేసుకుపోయిన నాకు ఆ రోజు ఈ వృత్తి మీద విరక్తి కలిగింది.

నాకు పని నేర్పింది రంగారావు గారు. సూర్యాపేట బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం పైన ఆయన ఆఫీసు. కింద నుంచి యూరియా, పురుగుమందుల వాసన వస్తుండేది. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని మాట్లాడేవారు, దానివల్ల మాటలు పొదుపుగా ఉండేవి. బి.కాం. పాసై ఆయన దగ్గర చేరాను, ఆయన మానేశాక ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నా ఉద్యోగ చరిత్ర అంతే.

ఆయన కోపిష్టి. రిపోర్టులో 'సుమారుగా' అన్న మాట కనబడితే కాగితం నా మీదికి విసిరేవారు. "తెలిస్తే తెలిసిందని రాయి, తెల్వకపోతే తెల్వదని రాయి. నడిమిట్ల మాట దేనికి?" అనేవారు. ఆయన తిట్లలో సగం అన్యాయమైనవే. మిగతా సగం నాకు అన్నం పెట్టాయి.

కోదాడ హోటలు

కోదాడలో హైవే పక్కన ఒక హోటలు అమ్మకానికి వచ్చింది. కొనదలచినవాడు విజయవాడ వైపు మనిషి, దాని విలువ చూసి చెప్పమని మమ్మల్ని పంపాడు. మేము వెళ్లేసరికి ఒక్క బల్ల ఖాళీ లేదు. సర్వర్లు ఒకరినొకరు గుద్దుకుంటూ తిరుగుతున్నారు. యజమాని ఎదురొచ్చి, ఇవాళ కాస్త పలుచగా ఉంది, ఆదివారమైతే నిలబడటానికి చోటుండదు అన్నాడు. నేను పొంగిపోయి బల్లలు, కుర్చీలు, ప్లేట్లు అన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను.

రంగారావు గారు చేయి కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ పోతే అక్కడ ఎంగిలి విస్తరాకుల గుట్ట దగ్గర నిలబడి ఉన్నారు. గుట్ట అంటున్నాను గానీ అది గుట్ట కాదు, ఒక చిన్న పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు తిని పారేసినంత. గిన్నెలు తోమే ఆమె గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. మేము తిరిగి లోపలికి వచ్చేసరికి తిన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పోతున్నారు. గల్లాపెట్టె వైపు ఒక్కరూ పోవడం లేదు. ఒకాయన పోతూ పోతూ యజమానిని "బావా, సాయంత్రం మళ్లీ రావాలా?" అని అడిగాడు.

రంగారావు గారు మా కాఫీలకు డబ్బులిచ్చి బయటికి వచ్చారు. "ఇయ్యాల గీ హోటల్ల పైసలిచ్చింది మనమిద్దరమే" అన్నారు. ఆ యజమాని మీద ఆయనకు కోపం రాలేదు, నా మీద వచ్చింది. ముందు గదిలో కూర్చుని కుర్చీలు లెక్కపెట్టినందుకు బస్సు సూర్యాపేట చేరేదాకా తిట్టారు. అప్పటి నుంచి నేను ఎక్కడికి పోయినా ముందు పెరడు చూస్తాను. మీరూ చూడండి. అమ్మేవాడు పెరడు సర్దడం ఎప్పుడూ మరిచిపోతాడు.

బోర్డు మీది పేరు

గుడ్‌విల్ అనే మాట మీకు పుస్తకంలో చెప్పి ఉంటారు. వ్యాపారానికి ఉన్న మంచి పేరుకు కట్టే ధర అది. ఆ పేరు ఎక్కడుంటుందో పుస్తకంలో ఉండదు.

సూర్యాపేటలో ఇద్దరు అన్నదమ్ముల బట్టల దుకాణం ఉండేది. వేరుపడినప్పుడు దుకాణమూ, తండ్రి పేరున్న బోర్డూ అన్నకు వచ్చాయి. ఆ బోర్డుకు రంగారావు గారు మంచి విలువే కట్టారు, ఆ మేరకు తమ్ముడికి డబ్బు ముట్టింది. ఆ డబ్బుతో అతను అదే వీధిలో కొంచెం ముందుకు దుకాణం పెట్టాడు. ఏడాది తిరిగేసరికి పల్లెల నుంచి వచ్చేవాళ్లంతా పాత బోర్డు ముందు నుంచే నడిచిపోయి కొత్త దుకాణంలో కూర్చుంటున్నారు. పంట చేతికొచ్చేదాకా ఉద్దెర ఇచ్చిందీ, ఎవరి కూతురి పెళ్లి ఎప్పుడో గుర్తుపెట్టుకున్నదీ ఎప్పుడూ తమ్ముడేనట. అన్న మా ఆఫీసుకు వచ్చి మెట్ల మీద నిలబడి అరిచాడు. అతను వెళ్లాక రంగారావు గారు, "రేకు ముక్కకు విలువ కట్టిన" అన్నారు. ఆయన తన తప్పు ఒప్పుకోగా విన్నది అదొక్కసారే.

కాబట్టి ఏ వ్యాపారంలోనైనా ముందు ఇది తేల్చుకోండి: ఈ మనిషి లేచి వెళ్లిపోతే ఇక్కడ ఏం మిగులుతుంది? దీన్ని తేల్చడం కష్టం. ఎంత కష్టమో నాకు తెలిసింది వేములపల్లి రోడ్డు మిల్లు దగ్గర.

వేములపల్లి రోడ్డు మిల్లు

ఎనభైల చివర్లో సంగతి. మిర్యాలగూడ నుంచి వేములపల్లి పోయే రోడ్డు మీద ఒక రైస్ మిల్లు. యాదగిరి, వెంకటయ్య అని ఇద్దరు స్నేహితులు చెరిసగం పెట్టి నడిపారు. సాగర్ నీళ్లతో చుట్టూ వరి పెరిగింది, వరితోపాటు మిల్లూ పెరిగింది. వెంకటయ్య పెట్టుబడి, బ్యాంకు, ప్రభుత్వానికి ఇవ్వాల్సిన లెవీ బియ్యం సంగతులు చూసేవాడు. యాదగిరి మిల్లు చూసేవాడు. పొద్దున బాయిలరు రాజేయడానికి ముందే వచ్చి, దీపాలు పెట్టాక పోయేవాడు. ధాన్యం పిడికిట్లోకి తీసుకుని కొరికి, ఇందులో నూక ఎంత పోతుందో చెప్పేవాడు. రైతులు ఆ మాటకే ధాన్యం దింపేవారు.

వెంకటయ్య గుండెపోటుతో పోయాడు. ఆయన భార్య అనసూయమ్మ కోదాడ ఆడపడుచు. చదువుకుంటున్న పిల్లలిద్దరు. మిల్లులో సగం తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. ఆ సగానికి ఎంత వస్తే అంతలో పిల్లలను పెంచుకోవాలి. మిల్లు తానే ఉంచుకుంటానని, ఆమె వాటా ధర ఇచ్చేస్తానని యాదగిరి అన్నాడు. ఇద్దరూ కలిసి విలువ కట్టమని మమ్మల్ని పిలిచారు.

మేము శ్రద్ధగానే చేశాం. బాయిలరు, వడ్ల పొట్టు తీసే షెల్లరు, ధాన్యం ఆరబోసే గచ్చు, గోదాము, స్థలం, తవుడు కొనేవాళ్లతో ఉన్న ఒప్పందాలు అన్నీ చూశాం. బట్టల దుకాణం దెబ్బ మరిచిపోని రంగారావు గారు, యాదగిరి మనిషిగా తెచ్చే లాభం ఎంతో వేరు చేసి, దాన్ని తీసేసి మరీ విలువ కట్టారు. యాదగిరి రిపోర్టు చదివించుకుని విని, పక్కన పెట్టాడు.

"సారూ, మీరు లెక్క మంచిగనే రాసిండ్రు. కానీ నేను లేకపోతే ఇది రేకుల షెడ్డు. షెడ్డుకు గింత ధర ఎవడిస్తడు?"

అతను దురాశతో అన్నాడని నేను అనను. ఆ మాటను అతను నమ్మాడు. అందులో నిజమూ ఉంది. బేరం అక్కడ ఆగిపోయింది.

రివాజు

అప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లలో ముఖ్యుడు సత్తయ్య అనే ధాన్యం కమీషన్ వ్యాపారి. ఆయన మన దగ్గరి పాత రివాజు ఒకటి ఎత్తాడు. పొలాలు పంచుకునేటప్పుడు ఒకరు భాగాలు పెడితే రెండోవాళ్లు కోరుకుంటారు. మిల్లును గీత గీసి పంచలేం కనుక, దీనికి వేరే పద్ధతి. సగానికి ఒకరు ధర చెబుతారు. అదే ధరకు రెండోవాళ్లు తమ సగం అమ్మనైనా అమ్మవచ్చు, అవతలివాళ్ల సగం కొననైనా కొనవచ్చు. ఒకసారి చెప్పిన ధర మార్చకూడదు. మిల్లు నడిపేవాడు యాదగిరి కాబట్టి ధర అతను చెప్పాలి, కోరుకునేది అనసూయమ్మ.

నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. తక్కువ చెబితే ఆమె కొనేస్తుంది, ఎక్కువ చెబితే అమ్మేస్తుంది. చెప్పేవాడు న్యాయంగా చెప్పక చస్తాడా? మన రిపోర్టులన్నీ దీని ముందు దండగ అని బస్సులో రంగారావు గారితో అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశారు.

"ఆమె కొంటనంటే పైసలు నువ్వు ఇస్తవా?" అన్నారు.

నాకు అప్పుడు వెలిగింది. ఇద్దరి దగ్గరా కొనే స్తోమత ఉంటేనే ఆ రివాజు న్యాయం. ఒకరి చేతులు ఖాళీగా ఉంటే కోరుకునే హక్కు పేరుకే. ఆ సంగతి ధర చెప్పేవాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. మీకూ ఇలాంటి షరతులున్న ఒప్పందాలు ఎదురవుతాయి, ఇప్పుడు వాటిని ఇంగ్లీషులో అందంగా రాస్తున్నారు. చదవగానే మురిసిపోకండి. రెండు వైపులా డబ్బు ఎంతుందో అడగండి.

మిల్లు ఆఫీసు గదిలో అందరూ కూర్చున్న రోజు యాదగిరి ధర చెప్పాడు. మా రిపోర్టులో ఉన్నదానికి అది సగం కూడా లేదు. పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అనసూయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. సత్తయ్య మాత్రం తన రివాజు వదల్లేదు. ధర ఆయన చెప్పాడు, కోరుకునేది నువ్వే, ఇక నీకు అన్యాయం ఎక్కడిది అని ఆమెకు నచ్చజెప్పబోయాడు. ఆ పెద్దరికం మీద నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే రంగారావు గారు మోకాలి మీద గిల్లారు.

ఆయన రివాజును తప్పుపట్టలేదు. రెండే మాటలు అడిగారు. ధర చెప్పడానికి యాదగిరికి ఇన్నాళ్లు సమయం దొరికింది కనుక, కోరుకోవడానికి ఆమెకు కోతలు మొదలయ్యేదాకా గడువు ఇవ్వాలి. కొంటే గనక ఆ డబ్బు ఆమె ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ఎవరూ అడ్డు చెప్పకూడదు. యాదగిరి నవ్వి ఒప్పుకున్నాడు. "తీసుకోనియ్ సారూ, నాకేం తొందర లేదు" అన్నాడు. ఆమెకు అప్పు ఇచ్చేవాడు మిర్యాలగూడలో లేడని అతని ధీమా.

గడువు

ఆమెకు ఏదైనా దారి చూపిద్దామని నేను రంగారావు గారి వెంట పడ్డాను. ఆయన కసిరారు. మనల్ని ఇద్దరూ కలిసి పిలిచారు, మనం ఎవరి వైపూ కాదు, తూకం సరిగ్గా ఉందో లేదో చూడటం వరకే మన పని అన్నారు. అప్పుడది నాకు రాతిగుండెలా అనిపించింది. తర్వాత్తర్వాత ఆ మాటే నన్ను చాలా చిక్కుల్లోంచి కాపాడింది.

మధ్యలో అనసూయమ్మ ఒకసారి సూర్యాపేట ఆఫీసుకు వచ్చింది. యూరియా వాసనకు దగ్గుతూ కూర్చుంది. రంగారావు గారు మంచినీళ్లు తెప్పించారు. ఆమె సలహా అడుగుతుందనుకుని నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. ఆమె అడిగింది ఒక్కటే. "మీ రిపోర్టు నేను ఇంకొకరికి చూపించవచ్చా అండీ?" అంది. అది యాదగిరిదెంతో ఆమెదీ అంతేనని, ఎవరికైనా చూపించుకోవచ్చని ఆయన చెప్పారు. సరేనని లేచి వెళ్లిపోయింది. ఎవరికి చూపిస్తావని ఆయన అడగలేదు, నన్నూ అడగనివ్వలేదు.

కోదాడలో ఆమె తోబుట్టువులున్నారు, వాళ్లేమైనా సర్దుతారేమో అనుకున్నాను. వాళ్లూ అంతంతమాత్రం వాళ్లేనని తర్వాత తెలిసింది. గడువు దగ్గరపడే కొద్దీ నాకు మనసు బాగుండేది కాదు. ఆమె ఆ అగ్గువ ధరకు తలవంచుతుంటే చూడటానికి పోవాలని లేదు. పోక తప్పలేదు.

ధర

ఆ రోజు మిల్లు నడుస్తూనే ఉంది. యాదగిరి తల మీద తవుడు దుమ్ముతో లోపలి నుంచి వచ్చి కూర్చున్నాడు. సత్తయ్య, ఇంకో ఇద్దరు పెద్దలు, మేము. అనసూయమ్మ కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆమె వెనక నర్సింహులు వచ్చాడు.

నర్సింహులుది రోడ్డుకు అవతలి మిల్లు. రెండు మిల్లుల హమాలీలకు ఎప్పుడో లారీల దగ్గర గొడవ జరిగింది. అప్పటి నుంచి యాదగిరికీ అతనికీ మాటల్లేవు, ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. అతను ఈ గడప తొక్కుతాడని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు. అతని దగ్గరికి పోయి అడగవచ్చన్న ఆలోచన మిల్లులు చూసిన మాకెవరికీ రాలేదు, ఆమెకు వచ్చింది.

అనసూయమ్మ కూర్చోలేదు. "అన్నయ్యా, మీరు చెప్పిన ధరకు మీ సగం నేను కొంటున్నాను. డబ్బు నర్సింహులు గారు పెడుతున్నారు. ఆయనా నేనూ భాగస్తులుగా ఉంటాం" అంది.

యాదగిరి మొదట నవ్వబోయాడు. నర్సింహులు మొహం చూసి ఆగిపోయాడు. సత్తయ్య వైపు తిరిగి, తాను అమ్ముతానని ఎన్నడూ అనలేదని, ఇది కుదరదని గట్టిగా అన్నాడు. సత్తయ్య గొంతు సవరించుకుని, ధర నువ్వే చెప్పావు, కోరుకునేది ఆమె అని నువ్వే ఒప్పుకున్నావు, డబ్బు ఎక్కడిదని అడగనన్నావు అన్నాడు. ఆనాడు ఆమెకు నచ్చజెప్పిన ఆ నోటితోనే అన్నాడు. యాదగిరి తల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పక్క షెడ్డులో యంత్రాలు తిరుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాడు. తర్వాత అనసూయమ్మ వైపు తలెత్తాడు.

"రేపు పొద్దుగాల లేసి నేను యాడికి పోవాలె చెల్లే?"

అతని మీద అంత కోపంతో వెళ్లిన నేను ఆ మాటకు కోపం మరిచిపోయాను. ఇరవై రిపోర్టులు రాసినా ఆ మిల్లు అతనికి ఏమిటో నాకు తెలిసి ఉండేది కాదు. అతనికీ అప్పటిదాకా తెలియలేదు.

అనసూయమ్మ దయ చూపాల్సిన అవసరం లేదు. రివాజు ఆమె వైపు ఉంది, డబ్బు ఆమె వైపు ఉంది, పెద్దమనుషులూ ఇప్పుడు ఆమె వైపే ఉన్నారు. పట్టుపడితే మిల్లు ఆమెదే. ఆమె యాదగిరి ఎదుట కుర్చీలో కూర్చుంది.

"రేకుల షెడ్డని మీరే కదా అన్నయ్యా అన్నారు."

"షెడ్డు గాదు" అన్నాడు యాదగిరి, నేల చూస్తూ.

"అయితే ధర మళ్లీ చెప్పండి. ఈసారి మీరే అమ్ముకోవాల్సి వస్తే ఎంతకు అమ్ముతారో, అది చెప్పండి."

చెప్పిన ధర మార్చకూడదు కదా అని సత్తయ్య ఏదో అనబోయాడు. కోరుకునేది నేనే కదండీ, నేనే అడుగుతున్నాను అని ఆమె అతని వైపు చూడకుండానే అంది. నర్సింహులు అభ్యంతరం చెప్పలేదు. యాదగిరి ధర మారిస్తే తాను అమ్మేస్తానని ఆమె నర్సింహులుకు ముందే చెప్పి తీసుకొచ్చిందట.

యాదగిరి చాలాసేపు వేళ్లు మడిచి విప్పాడు. తర్వాత ఒక ధర చెప్పాడు. అది మేము రిపోర్టులో వేసినదానికంటే ఎక్కువ. రంగారావు గారు బల్ల మీదున్న మా రిపోర్టు తీసి సంచిలో పెట్టుకున్నారు.

అనసూయమ్మ లేచి నిలబడింది. "ఆ ధరకు నా సగం మీరు తీసుకోండి అన్నయ్యా" అంది.